పై ఇంట్లో కోడిమాంసం

మా ఇంట్లో అద్దెకు దిగేవాళ్ళకు నాది ఒకటే షరతు. గడప లోపలికి నీచు రాకూడదు. అమావాస్యనాడు ఉల్లిపాయ కూడా తరగని ఇల్లు మాది. ఈ రోజుల్లో బెంగళూరు మహదేవపురలో అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారని మా ఆయన గొణుగుతాడు. గొణగనీ. పై వాటాలో దిగిన నెల్లూరు అబ్బాయి అచ్యుత్ "ప్యూర్ వెజ్ ఆంటీ" అని ఒట్టేసి మరీ చెప్పాడు. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ పని చేసుకుంటాడు. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోయాక నాలుగేళ్ళ మనవరాలు శ్రుతి పైకెక్కి కాసేపు ఆడుకుని వచ్చేది. నాకూ నడుం వాల్చే వీలు దొరికేది.

ఆ రోజు అన్నం కలిపి పెడుతున్నాను.

"అవ్వా, పైన మొసలి ఉండాది కదా, దానికి నేనే చికెన్ పెట్టినా."

చేతిలో ముద్ద జారి కంచంలో పడింది.

"ఏం పెట్టినావు?"

"చికెన్. అచ్యుత్ మామ ఫ్రిజ్‌లోంచి తీసిచ్చినాడు."

"పచ్చిదా, వండిందా?"

"పచ్చిది. జిగటగా ఉండాది."

మొసలి మాట వినపడక కాదు. కోతీ మొసలీ కథ దానికి రోజూ చెప్పేది నేనే. కోతి చేతిలో మోసపోయిన ఆ వెర్రిబాగుల మొసలంటే దానికి ప్రాణం. మంచం కింద మొసలి, బీరువా వెనక మొసలి అని ఇల్లంతా మొసళ్ళతో నింపేస్తుంది. కానీ చికెన్ కథలోది కాదే! నాకు ఒళ్ళు మండిపోయింది. చేయి కడుక్కుని, పిల్లను చంకనేసుకుని మెట్లెక్కాను.

"ఫ్రిజ్ తెరువప్పా," అన్నాను.

అచ్యుత్ మొహం పాలిపోయింది. తెరిచాడు. నల్ల కవర్లో కోడిముక్కలు!

"సారీ ఆంటీ. నేను తినను, ప్రామిస్. అది నాకు కాదు."

"నీకు కాకపోతే ఇంకెవరికి? కుక్కను గాని పెంచుతుండావా?"

వాడు గబగబా వెళ్ళి బాత్రూమ్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. దొంగ దొరికాడనుకున్నాను. పక్కకు తోసి తలుపు నెట్టాను.

నీలం ప్లాస్టిక్ తొట్టి. మురికినీళ్ళు. నీళ్ళ మీద రెండు కళ్ళు. మూరెడు పొడవున్న మొసలి నన్నే చూస్తూ మెల్లగా నోరు తెరిచింది. లోపలంతా సూదుల్లాంటి పళ్ళు.

అయ్యో దేవుడా!

"బేబీ క్రొకడైల్ ఆంటీ, ఏం చేయదు. ఆన్‌లైన్‌లో ఫ్రెండ్ ఇప్పించాడు," అంటున్నాడు అచ్యుత్.

శ్రుతి చంకలోంచి జారబోయింది. "నన్ను చూసి నోరు తెరిచింది అవ్వా! దానికి ఆకలి!"

పిల్లను గుండెకు అదుముకుని, మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. మా ఆయన ఫోన్ చేస్తే ఫారెస్టువాళ్ళు వచ్చారు. దాని నోటికి టేపు చుట్టి, గోనెసంచిలో వేసుకుని, అచ్యుత్‌నూ జీపెక్కించుకుని పోయారు.

వాళ్ళు పోయాక శ్రుతిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలువేలూ తడిమి చూశాను.

"కర్రతో పెట్టినావు కదా తల్లీ? లేకపోతే దూరం నుంచి ఏసినావా?"

అవునని చెప్పాలని వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాను. అది మూతి ముడుచుకుంది.

"లేదవ్వా. కుడిచేత్తో నోట్లో పెట్టినా. ఆకలైనోళ్ళకు విసిరేయకూడదు, నోటికి అందియ్యాల అని నువ్వే చెప్పినావు కదా?"

ఆ చేయి పట్టుకుని భోరుమన్నాను.