మానేస్తాం అన్నాను

ఆదివారం ప్రార్థన అయ్యాక మేం కొందరం చిక్కడపల్లి సందులో చాయ్ తాగి ఇళ్లకు పోతాం. ఆ రోజు ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం. అందరి చేతుల్లో ఈత మట్టలు ఇంకా ఉన్నాయి. భానుప్రకాశ్ ఫోన్ చూస్తూ మొదలుపెట్టాడు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతున్న పిల్లగాడు.

"ఈస్టర్ అనే మాట యాడికెళ్లి వచ్చిందో ఎరికేనా సార్? విగ్రహ దేవత పేరది. అన్యులు మొక్కేటోళ్లు."

మా సంఘపెద్ద జైపాల్ సార్ చాయ్ ఊదుకున్నాడు. "ఎన్కట ఒక సన్యాసి గట్ల రాసిండు. తెల్లారుడు అనే మాటకెళ్లి వచ్చిందని ఇంకొందరంటరు. మన బైబిల్ల పస్కా అనే ఉంటది. నీ దేవతను నువ్వు చూసినవా?"

"మరి ఈస్టర్ నాడు సమాధుల కాడ కొవ్వొత్తులు? రోమా అన్యుల ఆచారం కాదా?"

"రోమావాళ్లు రోడ్లు సుత ఏసిన్రు. ఆ రోడ్ల మీదనే పౌలు నడిచి సువార్త చెప్పిండు. పొలాలకు అడ్డంబడి పోవాల్సుండెనా?"

అందరూ నవ్వారు. భానుప్రకాశ్ మొహం ఎర్రబడింది. అతను కాక నవ్వనివాణ్ని నేనొక్కణ్నే. నా వైపు తిరిగాడు.

"తాతా, నువ్వు చెప్పు. నీ కొడుకు ప్రభువు దగ్గరున్నడా, మట్టిలున్నడా?"

"ప్రభువు దగ్గరనే."

"మరి మట్టికి దీపమెందుకు?"

నేను మూడో తరగతితో బడి మానినవాణ్ని. అంత చదువుకున్న పిల్లగాడు నలుగురిలో నన్నడగడం గొప్పగా కూడా అనిపించింది.

"ఇగ మానేస్తం" అన్నాను.

భానుప్రకాశ్ నా చేయి పట్టుకుని ఊపాడు. జైపాల్ సార్ మాత్రం నన్నే చూస్తూ, "బుగ్గయ్యా, ఆశమ్మను అడిగినవా?" అన్నాడు. నేను గ్లాసు పెట్టేసి లేచాను.

మా రాము కవాడిగూడలో సెంట్రింగ్ పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. నారాయణగూడ సమాధుల తోటలో పెట్టాం. ఏటా ఈస్టర్ తెల్లవారుజామున మావాళ్లంతా తమవాళ్ల సమాధుల దగ్గరికి పోతారు. నా భార్య ఆశమ్మ కూడా బంతిపూలు పరచి, కొవ్వొత్తి వెలిగించి, కొడుకుతో మెల్లగా ఏదో మాట్లాడుతుంది. ఏడాది మొత్తానికి ఆమె కోరుకునేది అదొక్కటే.

ఇంటికొచ్చేసరికి సమాధికి పూయడానికి సున్నం నానబెడుతోంది.

"ఈసారి పూలొద్దు, కొవ్వొత్తొద్దు. అన్యుల ఆచారమంట" అన్నాను.

"ఎవలు చెప్పిన్రు?"

"చదువుకున్నోళ్లు."

"మరి ఇన్నేండ్లు నేను పెట్టింది?"

"దయ్యాలకు పోయింది."

ఆ మాట భానుప్రకాశ్ కూడా అనలేదు. నేనే అన్నాను. ఆశమ్మ సున్నం చేతులు అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఈస్టర్ నాడు తోటంతా వెలుగుతోంది. మా రాము సమాధి ఒక్కటే చీకటిగా ఉంది. పక్క సమాధి దగ్గర తన తండ్రికి పూలు పెడుతున్న సంయుక్త మావైపు చూసింది.

"మర్చిపోయిన్రా పెద్దమ్మా?" అంటూ తన కొవ్వొత్తుల్లో ఒకటి తీసి మా రాము మీద పెట్టబోయింది. ఆశమ్మ గబుక్కున ఆ పిల్ల చేయి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నా కొడుక్కు పాపం తగుల్తది."

సంయుక్త ఆమెను చూసింది. తర్వాత నన్ను చూసింది. అక్కడ నిలబడలేకపోయాను. గేటు బయటికి పోయి కొవ్వొత్తి, బంతిపూల దండ కొనుక్కొచ్చాను.

"తీస్కో, వెలిగియ్యి" అన్నాను.

"దయ్యాలకు పోతదంటివి గద."

"తప్పు చెప్పిన."

"గిది ఎవలు చెప్పిన్రు? చదువుకున్నోళ్లేనా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. నా మాట ఒక్కటే ఆమెకు చాలడం లేదు. జైపాల్ సార్ అవతల వరుసలోనే ఉన్నాడు. పిలిస్తే వచ్చి దీపం తప్పు కాదని చెప్పేవాడు. కానీ ఆశమ్మతో నేనేమన్నానో ఆయన ముందు, ఆ పిల్ల ముందు చెప్పుకోవాలి. పిలవలేదు.

దండ నేనే పరిచాను. అగ్గిపుల్ల నేనే గీశాను. ఆ వెలుగు తన మీద పడకుండా ఆశమ్మ కొంగు దగ్గరికి లాక్కుని వెనక్కి జరిగింది. కొడుకుతో ఏమీ మాట్లాడలేదు.