పొంగే పిండి ముందు మాట్లాడరాదు

ఆ రొట్టెల కొట్టు వెనక గదికి ఒక రాజ్యాంగం ఉంది. అందులో అధికరణం ఒక్కటే. పిండి పొంగుతున్నంతసేపూ అక్కడ ఎవరూ నోరు విప్పరాదు. ముప్పై ఏళ్ల క్రితం, కాపురానికి వచ్చిన కొత్తలో ఇల్లాలు ఏదో చెబుతూ పకపకా నవ్విన రోజున పిండి పొంగలేదు. ఆనాటి ఈస్టు పాతబడి ఉండవచ్చునన్న అనుమానం రొట్టెల మేస్త్రీకి రాలేదు గానీ, శాసనం మాత్రం తక్షణమే వెలువడింది. నాటినుంచి తెల్లవారింది మొదలు కొట్టు తెరిచేదాకా ఆలుమగలు సైగలతోనే సంసారం నెట్టుకొచ్చారు. మధ్యాహ్నం ఆయనకు నిద్ర, సాయంత్రం బేరాలు. ఇద్దరికీ కలిసి దొరికేవి ఆ పొద్దుటి గంటలే. వాటిని పిండి మింగేసింది. ఆవిడకు కావలసిందల్లా ఆ గంటలే.

ఆదివారాలు గ్రంథాలయంలో సైన్సు పంతులమ్మ ఒకావిడ, టిక్కెట్టూ పరిభాషా రెండూ లేకుండా, వచ్చినవారందరికీ పాఠం చెప్పేది. "ఒక్కటి మార్చండి, మిగతావి ఉన్నవి ఉన్నట్టు ఉంచండి, అప్పుడు చూడండి" అన్న ముక్కను ఇల్లాలు కొంగున ముడేసుకుని వచ్చి, మేస్త్రీ చెవినా వేసింది.

మర్నాడు ఒకే ముద్దను రెండు గాజు గిన్నెల్లో సగం సగం పెట్టింది. ఒకటి వెనక గదిలో మౌనదీక్షలో ఉంది. రెండోదాన్ని, శాసనభంగం కాకుండా, పొయ్యి గదికి తీసుకుపోయి గంటసేపు దానితో కబుర్లాడింది. తర్వాత పిండి ఎంత ఎత్తుకు వచ్చిందో రెండు గిన్నెల మీదా సుద్దతో గీతలు గీసింది. కబుర్లు విన్నదే ఎక్కువ పొంగింది.

"చూశారా?"

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "ఏం చూడాలి? అది పొయ్యి పక్కనుంది. వేడికి పొంగింది, నీ మాటలకు కాదు."

శాసనాన్ని కాపాడబోయి కత్తి దూసిన మహావీరుడు తనకు తెలియకుండానే శాస్త్రం పక్షాన చేరిపోయాడు.

"నిజమే సుమండీ. అయితే రేపు గదులు మారుద్దాం."

"మారుద్దాం. తలుపు దగ్గర నేనే నిలబడతా. ఊరికే గొణిగితే ఒప్పుకోను."

అలా మర్నాడు వెనక గదిలో ముప్పై ఏళ్ల తర్వాత మాట వినిపించింది. చెల్లెలికి చూపు మందగించిందని ఆవిడ పిండికి చెప్పింది. తన మోకాలి సంగతి చెప్పింది. పెళ్లైన కొత్తలో ఆయన పిండి పిసుకుతూ ఈల వేసేవాడనీ, అది వినడానికే తాను అంత పొద్దున్నే లేచేదాన్ననీ చెప్పింది. తలుపు దగ్గర తనిఖీదారు కదలలేదు.

గంట గడిచింది. వెనక గదిలోని పిండి సరిగ్గా నిన్న మౌనంగా పొంగినంత ఎత్తుకే వచ్చి ఆగింది. గీతకు వెంట్రుకవాసి తేడా లేదు. పొయ్యి గదిలో మౌనంగా ఉంచినదీ నిన్నటి కబుర్ల గిన్నె గీతనే అందుకుంది.

మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు. "ఇన్నేళ్లూ నువ్వెందుకు ఊరుకున్నావు?"

"రొట్టెలు బాగానే వచ్చేవి కదండీ. మీరన్నదే నిజమనుకున్నా."

ఆయన లేచి కొత్తగా ముద్ద కలిపి, గిన్నెలో పెట్టి, గుడ్డ కప్పాడు.

"మళ్లీ ఎందుకు? తేలిపోయిందిగా."

"రెండు రోజులకే ఏం తేలుతుంది? కావాలంటే మీ పంతులమ్మనే అడుగు." ఇంకో స్టూలు దగ్గరకు లాగాడు. "కూర్చో. ఈసారి గిన్నెతో కాదు, నాతో చెప్పు."