కుర్చీలొచ్చిన పండగ

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కంటపడితే చాలు, రామతులసికి ఒళ్ళు మండిపోయేది. సంఘం పాకలో అవి ఒకదానిలో ఒకటి దూరి చూరు దాకా పేర్చి ఉండేవి. ప్రతి కుర్చీ వీపు మీదా రాజమండ్రి ట్రస్టు పేరు తెల్లరంగుతో రాసి ఉండేది. వాటికి చోటు చాలక డోళ్ళు వసారాలోకి వచ్చాయి. అక్కడ కప్పు కారుతుంది. కుర్చీలు నీడపట్టున, డోళ్ళు వానలో. ఆ కొండవార ఊళ్ళో కోయ కళాకారుల సంఘానికి జరిగిన బలోపేతం ఇదీ.

బలోపేతం అనే మాట ఆమెది కాదు, ట్రస్టు వాళ్ళది. గిరిజనులు తమంతట తాము నడుపుకుంటున్న చిన్న చిన్న కళాసంఘాలను బలోపేతం చేస్తామని పుష్కరాల ముందు పేపర్లో వేశారు. రామతులసి సంఘానికి కార్యదర్శి. జంగారెడ్డిగూడెం హాస్టల్లో ఉండి పదో తరగతి చదివిన మనిషి, నలుగురిలో నోరున్న మనిషి. పాకకు రేకులు, డోళ్ళకు కొత్త తోలు, పిల్లలకు పాటలు నేర్పే చిన్నమ్మాయికి నెలనెలా జీతం కావాలని అర్జీ పెట్టింది. చిన్నమ్మాయి అన్నది పేరే, మనిషి రామతులసికి మేనత్త. ఊళ్ళో ఏ ఆడపిల్ల పాట ఎత్తుకున్నా అది ఆ అత్త నేర్పిందే.

గ్రాంటు వచ్చింది. దాని వెంట ట్రస్టు తరఫున మురళీకృష్ణగారు వచ్చారు. చెడ్డవాడని తిట్టుకోవడానికి కూడా వీల్లేనంత మర్యాదస్తుడు. రేకులు నిర్మాణం కిందికి వస్తాయట, ఈ పథకంలో నిర్మాణాలకు పైసా లేదట. తోలుకు బిల్లు కావాలట. సంతలో తోలమ్మే మనిషికి బిల్లు పుస్తకం ఎక్కడిది? చిన్నమ్మాయికి గురువని సర్టిఫికెట్ లేదట. ఇక మిగిలినవి ప్రదర్శన సదుపాయాలు. అంటే మైకుసెట్టు, ఒకే రంగు చీరలు, కుర్చీలు.

"కుర్చీలెందుకండి?" అంది రామతులసి.

"ఆడియన్స్‌కండి."

"మా ఊళ్ళో చూసేవాళ్ళుండరండి. అందరూ ఆడతారు."

ఆయన ముచ్చటపడి నవ్వారు. "అదేనండి, మనం డెవలప్ చేయాల్సింది."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఊళ్ళో పండగ డోలు మోగితే ఆడవాళ్ళంతా వచ్చి ఒకరి నడుం ఒకరు చుట్టి వరస కడతారు. ఎవరైనా వచ్చి ఏ ఇద్దరి మధ్యనైనా చెయ్యి దూర్చవచ్చు, కాదనే హక్కు ఎవరికీ లేదు. బిడ్డ ఏడిస్తే తల్లి వరస విడిచి వెళ్తుంది, పాలిచ్చి వచ్చి మళ్ళీ దూరుతుంది. ముసలివాళ్ళకు అడుగు తడబడితే వరస మొత్తం నెమ్మదిస్తుంది. ఆటంటే వాళ్ళకు తెలిసింది అదే.

పుష్కరాల వేదికకు పన్నెండు మంది చాలన్నారు మురళీకృష్ణగారు. అందరూ ఒకే ఎత్తుంటే వీడియోలో బాగుంటుందన్నారు. పాక గుంజలకు అడ్డంగా వెదురుబద్ద కట్టించి, దాని కింద ఒక్కొక్కరినీ నిలబెట్టారు. బద్ద కట్టింది రామతులసే. ఈ ఏడాదికి వాళ్ళు చెప్పినట్టు వింటే వచ్చే ఏడాది రేకులు రాబట్టవచ్చని ఆమె ఆశ. చిన్నమ్మాయి తల బద్దకు జానెడు కిందే ఆగిపోయింది.

"అత్తా, నువ్వు కాస్త పక్కకి రా," అంది రామతులసి.

చిన్నమ్మాయి పక్కకు వచ్చింది.

రామతులసితో సహా పన్నెండు మందికీ చీరలొచ్చాయి. రాజమండ్రిలో శాలువాలు కప్పి ఫోటోలు తీశారు, చేతుల్లో డబ్బు కవర్లు పెట్టారు. మిగతా ఊరికి కుర్చీలొచ్చాయి.

మరుసటి ఏడు భూమి పండగకు మురళీకృష్ణగారు కెమెరా పట్టుకుని జీపులో దిగారు. రెండో ఏడాది గ్రాంటు రావాలంటే ఆట వీడియో తీసి పైవాళ్ళకు చూపించాలట. ఆ పండగకు మగవాళ్ళు చాలామంది వేటకని అడవిలోకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు పెట్టి వచ్చేపోయే బండ్లను ఆపుతారు. ఆడి పాడి, ఏదో ఒకటి ఇచ్చిందాకా కదలనివ్వరు. ఆయన జీపునూ ఆపారు, ఆయనా నవ్వుతూ నోటిచ్చారు. కానీ ఆ ఏడు వెదురు పట్టుకున్నది చీరలొచ్చిన పన్నెండు మందే. మిగిలినవాళ్ళు గడప దాటలేదు.

పొద్దు వాలాక అచ్చిబాబు డోలు అందుకున్నాడు. తడిసి తడిసి తోలు వదులైపోయి, జలుబు చేసిన గొంతులా బొంగురుగా మోగింది. అప్పటికే ట్రస్టు కుర్రాళ్ళు మైదానంలో కుర్చీలు వరసగా వేశారు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు.

"రండే!" అని కేకేసింది రామతులసి.

"మేమెందుకమ్మా? కళాకారులు మీరు కదా. మీరాడండి, మేం చూస్తాం," అంది వెంకటదుర్గ. నిరుడు బద్దకు రెండంగుళాలు పొడవైందని పక్కకు తప్పించిన మనిషి ఆమె.

ముందు వరసలో, సరిగ్గా మధ్యలో, చిన్నమ్మాయి కూర్చుని ఉంది.

మురళీకృష్ణగారి మొహం చాటంతయింది. "చూశారా రామతులసి గారూ! ఒక్క ఏడాదిలో ఎంత చక్కని ఆడియన్స్ తయారైందో!"

రామతులసికి అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక వరసలో ఖాళీ కుర్చీ లాగి, ఈడ్చుకెళ్ళి జీపులోకి గిరాటేసింది. మళ్ళీ వచ్చి ఇంకొకటి లాగింది.

"అదేంటండి! అవి ట్రస్టు ఆస్తండి!"

"మీ ఆస్తే కదా, పట్టుకుపొండి."

"గ్రాంటు ఆగిపోతుందండి, ఆలోచించుకోండి."

"ఆగనివ్వండి! రేకులడిగితే కుర్చీలిచ్చారు. పాట నేర్పే మనిషికి జీతం అడిగితే ఆ మనిషినే తెచ్చి కుర్చీలో కూలేశారు. మా ఊళ్ళో చూసేవాళ్ళు లేరని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా? ఇప్పుడున్నారు. మీరు మాకిచ్చిన బలం ఇదేనండి!"

ఆయన కెమెరా సర్దుకుని జీపెక్కారు. బండి కదిలి రోడ్డు ఎక్కబోయేసరికి వెంకటదుర్గ కుర్చీలోంచి లేచింది. పరుగున వెళ్ళి వెదురు అడ్డం పెట్టింది. ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది.

"ఈసారి ఇస్తే వదలమండి," అంది వెంకటదుర్గ. "తీసుకుంటేనే వదులుతాం."

ఆడవాళ్ళు లేచారు. ఎవరు కూర్చున్న కుర్చీ వాళ్ళే మోసుకొచ్చి జీపులోకి ఎక్కించారు, పట్టనివి పైన తాళ్ళతో కట్టారు. ఆయన ఏవో చెబుతూనే ఉన్నారు, వినేవాళ్ళు లేరు. చివరికి మైదానంలో ఒక్క కుర్చీ మిగిలింది. అందులో చిన్నమ్మాయి.

"లే అత్తా," అంది రామతులసి, ఇంకా రొప్పుతూ.

"ఎందుకు?"

"కుర్చీలు పంపించేస్తున్నాం కదా."

"కుర్చీ ఆయన తెచ్చాడు. బద్ద ఎవరు కట్టారే?"

రామతులసి చూపు పాక గుంజల వైపు పోయింది.

"ఆయన మీద బాగానే ఎగిరావు. ఆయనకి నేనెవరో తెలీదు. తెలీక చేశాడు. నీకు తెలుసు కదే."

చిన్నమ్మాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. సాయం పట్టబోయిన రామతులసి చేతిని తోసేసింది. కుర్చీ తనే ఈడ్చుకెళ్ళి జీపు వెనక కట్టించింది. వెదురు లేచింది, జీపు పోయింది. ఆమె వెనక్కి వచ్చి, అప్పుడే కడుతున్న వరసలో ఎవరో ఇద్దరి మధ్య చెయ్యి దూర్చింది.

అచ్చిబాబు డోలు మళ్ళీ మోగింది. కుర్చీలు పోయిన చోట రామతులసి ఒక్కతే నిలబడి చూస్తోంది. ఊళ్ళో ఇప్పుడు చూసే మనిషంటూ ఉంటే అది తనే. ఆ సంగతి తట్టేసరికి సిగ్గుతో మొహం కాలిపోయింది. తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. గబగబా వెళ్ళి అత్త పక్కనే చెయ్యి దూర్చి, ఆమె నడుం పట్టుకుంది.

కాదనే హక్కు ఎవరికీ లేదు. చిన్నమ్మాయి కాదనలేదు. పాట కూడా తనే ఎత్తుకుంది, వరసంతా అందుకుంది. ఆమె చెయ్యి మాత్రం రామతులసి నడుం చుట్టూ రాలేదు.