నెమలికంఠం రంగు

ముందు సుత్తి మోగింది. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. మళ్ళీ రెండు చిన్నవి, ఒక పెద్దది. ఎక్కడినుంచో తెలియదు. పుష్యమాసపు మంచు అరకులోయను నిండా కప్పి ఉంది. రెండడుగుల అవతల కాలిబాట కూడా కనిపించడం లేదు. అప్పలస్వామి ఆ చప్పుడునే ఊతకర్రలా పట్టుకుని వాగు దాటాడు. భుజాన గోనెసంచిలో ఇనుము గలగలమంది. అందులో ఉన్నవి పద్నాలుగు ఉలులు. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

అప్పలస్వామికి ఇరవై నాలుగేళ్ళు. గజపతినగరం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్ళది. నాగలి వదిలి ఇనుము పట్టినవాడు ఆ ఇంట్లో అతడొక్కడే. విశాఖపట్నంలో ఫిట్టరు పని చదివి, సర్టిఫికెట్టు పుచ్చుకుని, కొండ యువకులకు ఆ పని నేర్పడానికి ఏడాది కిందట ఈ లోయకు వచ్చాడు. రైలుమార్గం వేసినవాళ్ళు వదిలిపోయిన రేకుల షెడ్డే శిక్షణకేంద్రం. ఇనుమును కోసే ఉలిని ఎవరికి వారే కొలిమిలో కాల్చి, సాగగొట్టి, పదును పెట్టుకోవాలన్నది అక్కడి మొదటి పాఠం.

సాగగొట్టడం అందరికీ వచ్చింది. పదునే కుదరలేదు. పుస్తకంలో రాసినట్టే ఉలిని ఎర్రగా కాల్చి అప్పలస్వామి నీళ్ళలో ముంచేవాడు. మొదటి దెబ్బకే అంచు పెచ్చులై ఎగిరిపోయేది. ఒక పెచ్చు కొండబాబు అనే శిక్షణార్థి చెంపను గీరి నెత్తురు కళ్ళజూసింది. నెల తిరిగేలోగా నగరంనుంచి తనిఖీ అధికారి వస్తాడు. ఈ పద్నాలుగుమంది శిక్షణార్థుల్లో ఎవరు అప్రెంటిసులుగా నగరంలోని కర్మాగారాలకు వెళ్ళాలో తేల్చేది ఆయనే. అప్పలస్వామి ఉద్యోగం ఖాయమో కాదో తేల్చేదీ ఆయనే.

మంచులోంచి ముందు నిప్పు కనిపించింది, తరువాత మనిషి కనిపించాడు. గడ్డికప్పు కింద కొలిమి. కొలిమి ముందు ముసలి కమ్మరి. వెనక తిత్తి ఊదుతూ అతడి భార్య.

"ఏటి బాబూ, దారి తప్పినావా?" అన్నాడు ముసలివాడు, తల ఎత్తకుండానే.

"లేదు, నీ కాడికే వచ్చాను. ఈ ఉలులు ఓసారి చూడు."

ముసలివాడు ఒక ఉలి తీసి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సన్నీళ్ళల్లో ముంచినావు గదా?"

"నీళ్ళు చల్లగా కాక ఎలా ఉంటాయి?"

"మీ దేశం నీళ్ళు ఏరు బాబూ. ఈ కొండనీళ్ళు పుస్సెం నెలలో రాయి లెక్క. ఎర్రగా కాలిందాన్ని ఎల్లి రాతికి కొడితే పగలదేటి?"

తిత్తి వెనకనుంచి ముసలమ్మ నవ్వింది. "తానమాడితే తెలిసును గదా నీళ్ళ సంగతి. ఆడతన్నాడో నేదో అడుగు."

అప్పలస్వామికీ నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. విశాఖపట్నంలో తాను చదువుకున్న చోట తొట్టినీళ్ళు ఎండకు గోరువెచ్చగా ఉండేవి. పుస్తకంలో నీళ్ళు అని ఉంది, నిజమే. ఏ ఊరి నీళ్ళో లేదు.

ముసలివాడు కాలిన ఇనుపముక్కను ముందుగా తొట్టిలో పడేశాడు. నీళ్ళు బుసకొట్టాయి. "ఇలాగ నీళ్ళని నిద్దర లేపాల. లేపినాకే ముంచాల." అప్పుడు ఉలిని ఎర్రగా కాల్చి, కొసను మాత్రం రెండు వేళ్ళ మేర ముంచి తీశాడు. రాతిమీద రుద్ది మెరుగు తెచ్చి, వెలుతురుకు వీపు పెట్టి, నీడలో పట్టి చూపించాడు. మెరిసే ఇనుము మీద రంగులు వెనకనుంచి అంచుకు నడిచి వస్తున్నాయి. "సూడు, ఎండుగడ్డి రంగు. తొందరపడకు. ఇది తేనె రంగు. ఉండు, ఉండు. ఇదిగో, నెమలికంఠం." ఆ నీలం అంచును తాకిన క్షణాన ఉలి మొత్తం నీళ్ళలో మునిగింది.

ఉలిని ఇనుపరేకు మీద నిలిపి, సుత్తి ఎత్తి, ముసలివాడు "భీముడు" అన్నాడు. తరువాతే కొట్టాడు. రేకు తెగింది. అంచు చెదరలేదు.

"భీముడెవరు?"

"మా అయ్య. నాకు నేర్పినోడు. పదునెట్టినాక మొదటి దెబ్బకి ముందర, నేర్పినోడి పేరు పైకి సెప్పాల. మా ఇళ్ళల్లో అంతే."

అప్పలస్వామి తల ఊపాడు. మరి నీ పేరేమిటని అడగాలని తోచలేదు. కమ్మరి అంటే సరిపోయింది.

ఇరవై రోజులు అతడు తెల్లవారకముందే వాగు దాటాడు. ఇరవై రోజులు ఆ గడపలో కూర్చుని అంబలి తాగాడు. నీళ్ళను లేపడం నేర్చాడు, రంగుకు ఆగడం నేర్చాడు. పొద్దెక్కాక షెడ్డులో నిలబడి, అదంతా పుస్తకంలోనే ఉన్నట్టు పాఠం చెప్పాడు. నేర్పినవాడి పేరు చెప్పే ఆ ఆనవాయితీ, కొండల్లో పెరిగిన కొండబాబుకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఉలి మీద మొదటి దెబ్బకు ముందు అతడు "అప్పలస్వామి మేష్టారు" అని చెప్పేవాడు; అది చూసి మిగిలినవాళ్ళూ చెప్పేవారు. ఆ పేరు వినబడినప్పుడల్లా అప్పలస్వామి ఛాతీ పొంగేది. వెంటనే చెవులు వేడెక్కేవి. ఆ వేడి సంగతి తనకు తాను కూడా చెప్పుకోలేదు.

తనిఖీ అధికారి సూర్యనారాయణ గారు వచ్చింది ఒక గురువారం. ముందు మాస్టారి పని, మర్నాడు శిక్షణార్థుల పని చూస్తానన్నారు. అప్పలస్వామి ఉలి కాల్చాడు, నీళ్ళను లేపాడు, నీడకు తిరిగి రంగుకు ఆగాడు. తరువాత ఏ మాటా అనకుండా కొట్టాడు. రేకు తెగి కింద పడింది.

సూర్యనారాయణ గారు కళ్ళద్దాలు సవరించుకుని అంచును చాలాసేపు చూశారు. "పెద్ద కర్మాగారాల్లో కూడా ఇలాంటి పదును నేను అరుదుగా చూశానయ్యా. ఇది ఎక్కడ నేర్చుకున్నారు?"

"చదివినదేనండి. సాధన చేశాను."

అనేశాక గుమ్మం వైపు చూశాడు. అక్కడ ముసలి కమ్మరి నిలబడి ఉన్నాడు. చేతిలో అప్పలస్వామి పట్టుకారు ఉంది. తెల్లవారుజామున తానే ఆ కొలిమి దగ్గర మరచిపోయి వచ్చినది.

"ఎవరతను?" అన్నారు సూర్యనారాయణ గారు.

"బొగ్గులు తెచ్చేవాడండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అప్పలస్వామికి ఒక క్షణం నమ్మకం కలగలేదు. ముసలివాడు అతడివైపు చూశాడు, అధికారివైపు చూశాడు. పట్టుకారును చప్పుడు కాకుండా గుమ్మం పక్కన పెట్టి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు. కొండబాబు ఆకురాయితో ఇనుమును రుద్దడం ఆపి తల దించుకున్నాడు.

మర్నాడు ఉదయం సుత్తి మోగలేదు. మంచులో నిలబడి అతడు చెవి ఒగ్గి విన్నాడు. రెండు చిన్నవీ లేవు, ఒక పెద్దదీ లేదు.

శిక్షణార్థుల పరీక్ష మొదలయ్యే వేళకు షెడ్డు గుమ్మంలో రెండు గంపలు దిగాయి. ముసలివాడిది ఒకటి, ముసలమ్మది ఒకటి. గంపల నిండా బొగ్గులు. అప్పలస్వామి గబగబా వెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు.

"ఇదేటి తాతా?"

"బొగ్గులు బాబూ. నిన్న పెద్దోరి ముందర ఓ మాటన్నావు గదా. మేష్టరు మాట అబద్ధం కాకూడదని కాల్చి తెచ్చినాం. ఎక్కడ పొయ్యమంటావు?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది అతడికి. కోపానికి బదులు చెప్పవచ్చు. రాత్రంతా బొగ్గుబట్టీ దగ్గర కూర్చున్న ఆ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముసలమ్మ ఈసారి నవ్వలేదు. చీరకొంగుతో మెడమీది మసి తుడుచుకుంటూ కొండవైపు చూస్తోంది.

లోపల కొండబాబు ఉలిని రేకు మీద నిలిపాడు. సుత్తి ఎత్తి, "అప్పలస్వామి మేష్టారు" అన్నాడు.

"ఏమంటున్నావయ్యా?" అన్నారు సూర్యనారాయణ గారు.

"నేర్పినోరి పేరండి. మొదటి దెబ్బకి ముందర సెప్పాలండి."

"బాగుంది. మరి నిన్న మీ మాస్టారు ఎవరి పేరు చెప్పారు? నాకు వినబడలేదే."

కొండబాబు చెంప మీద పెచ్చు గీసిన మచ్చ కదిలింది. "నాకూ వినబడనేదండి," అన్నాడు, నేల చూస్తూ.

గుమ్మంలో అప్పలస్వామి ఆ మాట విన్నాడు. అతడికి తన ఉద్యోగం గుర్తుకు వచ్చింది. ఊళ్ళో తండ్రికి రాసిన ఉత్తరం గుర్తుకు వచ్చింది. ఖాయమయినట్టేనని నిన్న రాత్రే రాశాడు. ఇప్పుడు చెబుదామన్నా చెప్పడానికి పేరు లేదని అప్పుడు తెలిసింది.

"తాతా," అన్నాడు, "నీ పేరేటి?"

ముసలమ్మ కొండవైపునుంచి చూపు తిప్పింది. "ఇన్నాళ్ళు మా గడపలో కూకున్నావు. పేరెరగవా?"

"అడగలేదు అమ్మా. తప్పయిపోయింది."

ముసలివాడు అరచేతుల మసి దులుపుకున్నాడు. తరువాత చెప్పాడు. ఎవరూ ఎన్నడూ అడగనిదాన్ని చెబుతున్నట్టు, దాదాపు గుసగుసగా చెప్పాడు. అప్పలస్వామికి తప్ప ఎవరికీ వినబడలేదు.

అతడు గంప ఎత్తుకుని లోపలికి నడిచాడు. బొగ్గులు కొలిమి పక్కన పోశాడు. మసి చేతులతోనే సూర్యనారాయణ గారి ముందు నిలబడ్డాడు.

"నిన్న నేను అబద్ధమాడానండి. ఆయన బొగ్గులు తెచ్చేవాడు కాదు. ఈ పదును నేను చదివి నేర్చుకున్నదీ కాదు, ఆయన నేర్పినది. నాకు చేతకాక, ఇరవై రోజులు ఆయన కొలిమి దగ్గర కూర్చున్నాను."

సూర్యనారాయణ గారు రాస్తున్న కలానికి మూత పెట్టారు.

కొండబాబు తన సుత్తిని అందించాడు. అప్పలస్వామి నిన్నటి ఉలిని రేకు మీద నిలిపాడు. సుత్తి పైకి లేచి, గాలిలో ఆగింది. గుమ్మంలో ముసలివాడు, బొగ్గుమసి ముఖంతో, తల ఎత్తి చూస్తున్నాడు. అప్పలస్వామి ఆ ముఖాన్నే చూస్తూ, షెడ్డు రేకులు మోగేంత గట్టిగా చెప్పాడు.

"సోంబరు."