మాటలు మానిన లైను

కొత్తగూడెం గని క్వార్టర్లలో నలభై ఏళ్ల వయసులో బీఏ చదవడానికి పూనుకున్నది రామక్క ఒక్కతే. ఏడో తరగతితో బడి మానేసిన ఆమె ప్రవేశ పరీక్ష రాసి ఓపెన్ యూనివర్సిటీలో చేరింది, సమాజశాస్త్రం తీసుకుంది. భర్త సారయ్య ఆ చదువును మెచ్చుకోలేదు, అడ్డుపడనూ లేదు.

ఆ ఏడాదే సారయ్యకు గనిలో కూలీల పని, భద్రత చూసే సర్దారుగా ప్రమోషన్ వచ్చింది. కొన్నాళ్లకే సమ్మె మొదలైంది. కార్మికులంతా పని ఆపేసినా, గని నీళ్లతో నిండిపోకుండా పంపులు నడిపించడానికి కొందరు దిగక తప్పదు. సారయ్య రోజూ దిగాడు. వాళ్ల క్వార్టర్ల వరస, లైనులోని వాళ్లు దాన్ని ద్రోహం కిందే లెక్కగట్టారు.

ఎవరూ తిట్టలేదు, రాయి వేయలేదు. మాట్లాడటం మానేశారంతే. నల్లా దగ్గర రామక్క బిందె వరసలోంచి పక్కకు జరిగిపోయేది. ఏళ్ల తరబడి కూరలు ఇచ్చిపుచ్చుకున్న పక్కింటి సక్రి కూడా ఆమెను గడప దగ్గరే ఆపేసింది. సక్రి భర్త హాతీరాం యూనియన్ నాయకుడు.

"నీళ్లు నిండితే రేపు మీ ఆయనకు పనెక్కడుంటది సక్రీ?" అని రామక్క అడిగింది.

"గది నాకూ ఎర్కనే అక్కా. అయినా నువ్ రాకు. నీతోని మాట్లాడితే నన్ను గూడ గిట్లనే చేస్తరు."

ఆదివారం తరగతిలో లెక్చరర్ సుబ్బరత్నం సాంఘిక నియంత్రణ పాఠం చెప్పింది. చట్టం, పోలీసులు నియత నియంత్రణ. ఎగతాళి, వెలి, మౌనం అనియత నియంత్రణ. ఉదాహరణలు అడిగితే అందరూ పల్లెల్లోని కులపంచాయితీల గురించి చెప్పారు. రామక్క తన లైను గురించి చెప్పింది. వెలి వేసేవాళ్లకూ భయం ఉంటుందని, సమూహాన్ని చాలాసార్లు ఆ భయమే కలిపి ఉంచుతుందని సుబ్బరత్నం అన్నది. మరి ఆ భయం ఎట్లా పోతుందని రామక్క అడిగింది. పాఠంలో ఆ సంగతి లేదని సుబ్బరత్నం ఒప్పుకుంది.

సమ్మె ముగిసింది. గనిలో నీళ్లు లేవు కాబట్టి అందరూ వెంటనే పనిలోకి దిగారు. హాతీరాం సారయ్యతో పని సంగతులు మాట్లాడక తప్పలేదు. ఆడవాళ్ల మాటలు ఇంకా ఆలస్యంగా తిరిగొచ్చాయి. ఒకరోజు సక్రి చింతచిగురు పప్పు తెచ్చి గట్టు మీద పెట్టింది. రామక్క తీసుకుంది. గడిచిన రోజుల ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

మరుసటి ఎండాకాలం, లైను చివరింటి జంపయ్య కూతురు వేరే కులం పిల్లవాడిని పెళ్లాడింది. ఈసారి అందరూ జంపయ్య భార్య పిచ్చమ్మతో మాటలు మానేశారు. రామక్క కూడా మానింది. పిచ్చమ్మ ఎదురైతే చూపు తిప్పుకుంది. అలా తిప్పుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది, అది పిచ్చమ్మ మీద కాదు.

ఒక మధ్యాహ్నం, ఆడవాళ్లంతా వరండాల్లో కూర్చుని చూస్తుండగానే, ఆమె పిచ్చమ్మ ఇంటికి నడిచింది. పిచ్చమ్మ తలుపు సగమే తెరిచింది.

"పో రామక్కా. మళ్ల నిన్ను గూడ వెలేస్తరు."

"వెయ్యనియ్. జర చాయ్ పెట్టు."

పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది. చాలా రోజులు సక్రి ఆమెతో మాట్లాడలేదు. దసరాకు పిచ్చమ్మ కూతురు భర్తతో వచ్చినప్పుడు ఆ ఇద్దరూ ఒకపూట రామక్క ఇంట్లోనే భోంచేశారు.