ఆ ఉదయం చూసిన పాలపిట్ట

ఢిల్లీ మునిర్కాలో మా అద్దెగదికి ఒక ఆచారం ఉండేది. సివిల్స్ ఇంటర్వ్యూకి ఫారం నింపుతూ 'హాబీ' అన్న గడి దగ్గరికి రాగానే, పాత సీనియర్ ఫారం ముందు పెట్టుకుని కాపీ కొట్టేవాళ్ళం. మాకు హాబీలెక్కడివి? బట్టీ పట్టడం తప్ప ఇంకో పని ఎరుగుదుమా? అలా ఎనభై రెండులో నేను రాసింది 'పక్షుల పరిశీలన'.

"ఈ ఉదయం ఏ పక్షిని చూశారు?" అని అడిగాడు బోర్డులో ఒక పెద్దమనిషి.

"కాకి, సార్."

బోర్డంతా నవ్వింది. ఆ నవ్వులోనే నా ఉద్యోగం పోయిందని ఇప్పటికీ నమ్ముతాను.

ఇక మిగిలింది ఆఖరి ఛాన్సు. ఈసారి అబద్ధం రాయకూడదని పంతం పట్టాను. ఎర్రకోట వెనక ఆదివారం బజారులో, ఒక అద్దం మసకబారిన బైనాక్యులర్ కొన్నాను. తెల్లవారుతూనే జె.ఎన్.యు. వెనక రాళ్ళగుట్టల్లోకి పోయేవాణ్ణి. మొదట్లో అన్నీ పిచ్చుకల్లాగే కనిపించి ఒళ్ళు మండేది. పోనుపోను కూత వినగానే జెముడుకాకి అని పోల్చుకోగలిగాను. తేదీ వేసి నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఇరవై ఎనిమిదేళ్ళలో నేను ఇష్టంగా చేసిన పని అదొక్కటే.

"పిట్టలదొర బయల్దేరాడ్రోయ్!" అనేవాడు నా రూమ్మేటు పెద్దిరాజు, దుప్పట్లోంచే.

ఏప్రిల్లో రాతపరీక్ష ఫలితాలొచ్చాయి. షాజహాన్ రోడ్డులో యూపీఎస్సీ ఆఫీసు ముందు అంటించిన కాగితాల మీద నా నంబరు మూడుసార్లు వెతికాను. లేదు. వయసూ దాటిపోయింది. ఇక నన్ను ఏ పక్షి గురించీ అడిగేవాడు లేడు. పెద్దిరాజు నంబరు ఉంది.

రెండ్రోజులు వాడు నా మొహం చూడటానికే జంకాడు. మూడోనాడు ఫారం పట్టుకొచ్చాడు.

"ఒరేయ్ కేశవులూ, ఏమనుకోకురా. ఆ నోట్‌బుక్కు ఇస్తావా? నీకిక దాంతో పనిలేదు గదా."

చెంప పగలగొట్టాలనిపించింది. ఇచ్చాను. ఇవ్వడమే కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని కూతలతో సహా నేర్పాను. ఒక్కరోజు నాతో గుట్టల్లోకి రమ్మంటే మాత్రం, "టైమెక్కడుందిరా?" అన్నాడు.

వాడి ఇంటర్వ్యూనాడు పొద్దున కూడా నేను గుట్టల్లోకి వెళ్ళాను. తుమ్మకొమ్మ మీద పాలపిట్ట. ఎగిరినప్పుడు రెక్కల్లో నీలం చూసి, ఆ నిమిషంపాటు నా ఓటమిని నిజంగానే మరిచిపోయాను. గదికొచ్చి, టై కట్టుకుంటున్న పెద్దిరాజుకి ఆ సంగతంతా చెప్పాను.

సాయంత్రం వాడు లడ్డూల పొట్లంతో వచ్చాడు.

"అదే అడిగార్రా! పొద్దున ఏ పక్షిని చూశావని! తుమ్మకొమ్మ మీద పాలపిట్ట, ఎగిరితే రెక్కల్లో నీలం అన్నాను. ఛైర్మన్ ఎంత మురిసిపోయాడనుకున్నావ్!"

లడ్డూ నా నోట్లో పెట్టాడు. నమిలాను.

మర్నాడు అలవాటు కొద్దీ అయిదింటికే మెలకువొచ్చింది. బైనాక్యులర్ చేతిలోకి తీసుకున్నాను. గుట్టల్లో ఇక ఏ పిట్ట కనిపించినా అది పెద్దిరాజుదే అనిపిస్తుందని తెలిసిపోయింది. మంచం కిందికి తోసేసి మళ్ళీ పడుకున్నాను.