గళ్ళల్లో చేప

ముప్ఫై ఏళ్ళుగా టైల్స్ పరుస్తున్న మేస్త్రీకి లోకం మీద ఒకే ఒక్క ఫిర్యాదు. గోడకు రంగు వేస్తే జనం తలెత్తి చూస్తారు, తలుపు చెక్కితే చేత్తో తడిమి మరీ చూస్తారు. నేల సంగతి ఎవడికి కావాలి? ఎంత మట్టసంగా పరిచినా తొక్కుకుంటూ పోవడమే. ఇన్ని వందల వంటగదులు, స్నానాల గదులు పరిచాడా, ఒక్క మనిషైనా ఆగి, కిందికి చూసి, "అబ్బ, ఏం నేల వేశావయ్యా!" అన్న పాపాన పోలేదు.

అలాంటివాడికి పిల్లల లైబ్రరీ నుంచి కబురొచ్చింది. కొత్తగా కట్టిన ముందు హాల్లో నేల మీద ఒక బొమ్మ రావాలట. అటు నలభై టైల్స్, ఇటు ముప్ఫై. ఎవరి బొమ్మ నచ్చితే వాళ్ళకే పని. మేస్త్రీకి ఆ మాట విన్న క్షణమే చేప కనిపించింది. నీలం నీళ్ళల్లో ఇంత లావు పసుపు చేప! ఈ ఒక్క నేల వేసేస్తే చాలు, ఇక జీవితాంతం స్నానాల గదులు పరిచినా దిగుల్లేదు అనుకున్నాడు.

చిక్కల్లా ఒకటే. బొమ్మను శుక్రవారం పదింటికి కమిటీ ముందు కంప్యూటర్ తెర మీద చూపించాలి. మేస్త్రీకి వచ్చిందల్లా మోకాళ్ళ మీద కూర్చుని సుద్దముక్కతో గీయడం.

నయం, కోడలు కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది. సోమవారం పొద్దున్నే మామగారిని కూర్చోబెట్టి తన ల్యాప్‌టాప్ తెరిచింది.

"చూడండి మామయ్యా. ఉత్తరాలు రాసుకోవాలంటే ఇది. పట్టికలు, లెక్కలు అయితే ఇది. బొమ్మలు గీయడానికి ఇది. గీసినదాన్ని పదిమందికీ ఒక్కో పేజీగా చూపించడానికి ఇదిగో, ఈ చివరిది. మీరు బొమ్మలదాంట్లో చేపను గీసి, చూపించేదాంట్లో పెట్టాలి. అంతే!"

"ఇన్నెందుకే తల్లీ? అన్నీ ఒక్కదాంట్లో పెట్టేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?"

"మీ సంచీలో కట్టర్ వేరు, తాపీ వేరు ఎందుకున్నాయి? పోయినేడు ఎవరో కుర్రాడు మట్టం చూసే రసమట్టంతో మేకు కొట్టాడని ఆ రోజే ఇంటికి పంపేశారు కదా. ఏ పనికి ఆ పనిముట్టు అని వీధి వీధంతా వినపడేలా అరిచింది ఎవరు? నేనా?"

మేస్త్రీ కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు. తన మాటే తిరిగొచ్చి తన నెత్తిన పడింది మరి!

ఇక చూడాలి ఆయన అవస్థ. నిండు టైల్స్ పెట్టెను ఒంటిచేత్తో ఎత్తే మనిషికి ఆ మౌస్ మాత్రం లొంగలేదు. ఇటు లాగితే అటు పోతుంది. మంగళవారం గీసిన చేప వంకాయలా వచ్చింది. బుధవారం ఇంకాస్త శ్రద్ధగా గీశాడు. అటుగా వెళ్తున్న భార్య ఆగి, తొంగిచూసి, "బాగుందండీ. ఈ చెప్పు ఎవరిది?" అంది. ఆ పూట ఆయన ఆవిడతో మాట్లాడితే ఒట్టు.

గురువారం మధ్యాహ్నానికి ఆశలన్నీ నీరుగారిపోయాయి. కోడలు పనికి వెళ్ళింది. ఎలాగైనా ఇంకోసారి గీద్దామని కూర్చుని, చిరాకులో ఏదో నొక్కాడు. బొమ్మలది తెరుచుకోలేదు. లెక్కలది తెరుచుకుంది.

తెర నిండా గళ్ళే. అడ్డంగా గళ్ళు, నిలువుగా గళ్ళు. మేస్త్రీ ముందుకు వంగాడు.

"ఓసి నీ! ఇది నేలే కదా!"

కాకపోతే గళ్ళు పొడుగ్గా ఉన్నాయి. సోమవారం కోడలు గళ్ళ మధ్య గీతను లాగి సన్నం చేసి చూపించిన సంగతి గుర్తొచ్చింది. తనూ లాగి, చతురస్రంగా వచ్చాయా లేదా అని సంచీలోంచి స్కేలు తీసి తెరకు ఆనించి మరీ చూసుకున్నాడు. గది నడిబొడ్డున మొదలుపెట్టడం ఆయన అలవాటు. అక్కడ కన్ను కోసం ఒక గడి నలుపు చేసి, అక్కడి నుంచి ఒక్కొక్క గడికీ రంగు వేసుకుంటూ పోయాడు. వేలు తిమ్మిరెక్కింది. టీ చల్లారిపోయింది. సాయంత్రానికి నీలం నీళ్ళల్లో పసుపు చేప తోక ఆడిస్తూ నిలబడింది!

కోడలు ఇంట్లో అడుగుపెట్టి తెర చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అయ్యో మామయ్యా! లెక్కలదాంట్లో బొమ్మేంటండీ? రేపు కమిటీ వాళ్ళు నవ్విపోరూ?"

మేస్త్రీ మొహం చిన్నబోయింది. అయినా పట్టు వదల్లేదు. "నవ్వితే నవ్వుకోనీ. ఒక గడి అంటే ఒక టైల్. లెక్కపెట్టుకో కావాలంటే, అటు నలభై, ఇటు ముప్ఫై. ఒక్క టైల్ కొయ్యక్కర్లేదు. ఇది బొమ్మ కాదమ్మా, నేల. రేపు నేను పరవబోయే నేల."

కోడలు తెర మీద వేలితో గళ్ళు లెక్కపెట్టింది. బ్యాగు భుజం మీంచి తీయకుండానే కుర్చీ లాక్కుని, "జరగండి" అంది.

అరగంట టకటకలాడించింది. గడిలో 'ప' అని కొడితే పసుపు వస్తోంది, 'న' కొడితే నీలం, 'క' కొడితే కన్ను. కింద ఓ మూల ఏ రంగువి ఎన్నో దానంతటదే లెక్క తేలుతోంది. పసుపు నూట ఎనభై ఆరు, కన్ను ఒకటి, నీలం వెయ్యి పదమూడు.

"ఇదీ దీని అసలు పని, లెక్కపెట్టడం" అంది. ఆ తరువాత మెల్లగా, "చేప చాలా బాగుంది మామయ్యా" అంది. ఆ మాటకు మేస్త్రీ టీ మళ్ళీ పెట్టమని భార్యకు కేకేశాడు.

శుక్రవారం ముందు ఒక పెద్ద కంపెనీ వాళ్ళు చూపించారు. వాళ్ళదీ సముద్రమే. అలలు వంపులు తిరిగి, మెరిసిపోతూ, నిజంగా అదిరిపోయింది. వెనక కుర్చీలో కూర్చున్న మేస్త్రీ తలతిప్పి తలుపు వైపు చూశాడు. ఆయన వంతు వచ్చి, తెర మీద గళ్ళు కనిపించగానే ఎవరో కిసుక్కున నవ్వారు. తోడొచ్చిన కోడలు తలవంచుకుంది.

కమిటీలో రిటైరైన డ్రాయింగ్ టీచరమ్మ ఉంది. ముక్కుసూటి మనిషి. "మీ బొమ్మకి టైల్స్ ఎన్ని పడతాయి?" అని కంపెనీ వాళ్ళని అడిగింది. వంపులున్నచోట కోతలుంటాయి, లెక్కవేసి వారంలో చెబుతామన్నారు. పాపం, నిజమే చెప్పారు. మేస్త్రీ మాత్రం తెర మూలకు వేలు చూపించాడు.

"పన్నెండు వందలండీ. కోత ఒక్కటి కూడా లేదు."

లైబ్రేరియన్‌కు హుషారొచ్చింది. "మేస్త్రీగారూ, ఆ చేప పక్కన ఒక పిల్ల చేప కూడా ఉంటేనో?"

మేస్త్రీ ముందుకెళ్ళి, ఒక్క వేలితో మొదలుపెట్టాడు. ప. ప. ప. అందరూ చూస్తుండగానే పెద్ద చేప పొట్ట కింద బుల్లి తోక మొలిచింది, బుల్లి మూతి మొలిచింది. చివర్న 'క' కొట్టాడు. పిల్ల చేప కన్ను తెరిచి చూసింది! మూలన లెక్క మారిపోయింది. పసుపు రెండు వందలు, కళ్ళు రెండు, నీలం తొమ్మిది వందల తొంభై ఎనిమిది. ఇందాక నవ్విన మనిషే ముందు చప్పట్లు కొట్టాడు.

పని మేస్త్రీదే అయింది. ఇరవై రోజుల్లో నేల పరిచేశాడు. టైల్స్ ఒక్కటి ఎక్కువ కాలేదు, తక్కువా కాలేదు.

హాలు తెరిచిన రోజున పిల్లలు తలుపు దగ్గర పోగయ్యారు. అందరికంటే ముందున్న చిన్నపాప లోపలికి కాలు పెట్టబోయి టక్కున ఆగిపోయింది. కిందికి చూసింది. గబగబా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, "చేపుంది! తొక్కొద్దు!" అని వెనకవాళ్ళందరికీ చేతులు అడ్డం పెట్టింది. అంతే, పిల్లలు ఆగిపోయారు. వాళ్ళ వెనక అమ్మలూ నాన్నలూ ఆగిపోయారు. లైబ్రేరియన్ కూడా గోడను కరుచుకుని అంచు మీదే నడుస్తోంది. వంద తలలు కిందికే వంగి చూస్తున్నాయి.

ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన చూపులవి. మేస్త్రీకి కళ్ళు మసకబారాయి. మొహం తుడుచుకుని, నడి హాల్లోకి పరిగెత్తి, సరిగ్గా చేప వీపు మీద రెండు కాళ్ళతో ఎగిరి దూకాడు.

"తొక్కండమ్మా! మీకు పుణ్యముంటుంది, రండి, తొక్కండి! తొక్కడానికే వేశాను!"